నెలాఖరు కంబానికి తువ్వాల

గోదావరిఖనిలో ఆ పార్కు బోర్డు మీద ఎవరో పెద్దమనిషి పేరుంది. ఆ పేరు చెప్పి ఆటో ఎక్కితే డ్రైవరు మీ మొహం వంక ఒకసారి చూసి, మీరు ఊరికి కొత్త అని తేల్చుకుని, కిరాయి పెంచుతాడు. "ఐలవ్వ పార్కు" అనండి, మారుమాట లేకుండా గేటు ముందు దింపుతాడు. బోర్డు మీది పెద్దమనిషికి ఈ సంగతి తెలిస్తే మనసు కష్టపెట్టుకునేవాడే. కానీ ఆయన పోయి చాలాకాలమైంది. పార్కు కాపలా చూసే ఐలవ్వ మాత్రం రోజూ తెల్లవారకముందే గేటు తెరిచి, కానుగ చెట్టు కింద స్టూలు వేసుకుని కూర్చుంటుంది.

కూర్చుంటుంది అనడం మాటవరసకే. కూర్చున్న ఐలవ్వను చూసినవాళ్లు తక్కువ. వాకింగుకు వచ్చిన సార్లు నిలబడి ఫోన్లో రాజకీయాలు మాట్లాడితే, "సారూ, నడువుండ్రి. ముచ్చట ఇంటికి పోయినంక పెట్టుకుందురు" అంటుంది. బరువు తగ్గడానికి పెట్టిన మిషన్ల మీద కూర్చుని మిర్చిబజ్జీ తినేవాళ్లను బజ్జీతో సహా లేపుతుంది. ఉయ్యాలలు పిల్లలకు మాత్రమే అని రాసి ఉంది కదా, అయినా పొద్దుగూకే వేళ నడివయసు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ చూసి ఉయ్యాల ఎక్కితే, సరిగ్గా అప్పుడే ఐలవ్వకు పార్కు అవతలి మూల మొక్కలకు నీళ్లు పెట్టే పని గుర్తొస్తుంది. ఆమె నోటికి జంకనివాళ్లు లేరు. ఆమెతో నాలుగు మాటలు పడకుండా ఇంటికి పోతే వెలితిగా ఉంటుందని కూడా వాళ్లే చెబుతారు.

పార్కు మధ్యలో రేకుల షెడ్డు ఉంది. ఎనిమిది ఇనుప స్తంభాలు, బండల గచ్చు, రెండు ఫ్యాన్లు. వాటిలో ఒకటి తిరుగుతుంది, రెండోది తిరగబోయి ఆగుతుంది. కాలనీలో పుట్టినరోజులు, శ్రీమంతాలు, చీర కట్టించే ఫంక్షన్లు, అన్నదమ్ముల పంచాయితీలు అన్నీ ఆ షెడ్డు కిందే. కిరాయి పార్కు ఆఫీసులో కట్టాలి. అయితే ఏ రోజు ఎవరిదో తేల్చేది మాత్రం ఐలవ్వ. ఆమెకు చదువు రాదు. మొదట్లో ఆఫీసువాళ్లు ఒక నల్లబోర్డు ఇచ్చి, తారీఖులు ఎవరిచేతనైనా రాయించమన్నారు. ఒకరు రాసింది ఇంకొకరు తుడిచారు, మిగిలింది వాన తుడిచింది. రెండు కుటుంబాలు ఒకే సాయంత్రం రెండు కేకులతో దిగి కొట్టుకున్నంత పని చేశాక, ఐలవ్వ ఆ బోర్డును ఇంటికి పట్టుకుపోయి దాని మీద మిరపకాయలు ఎండబోసింది.

ఆ తర్వాత ఆమె పెట్టిన పద్ధతి ఖని బస్టాండులో పుట్టింది. కరీంనగర్ బస్సు ఇంకా ఆగకముందే మనవాళ్లు కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపుకుంటారు కదా. ఆ తువ్వాల ఎంత మాసినదైనా దాన్ని తీసి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. సీటుకు చెల్లినప్పుడు షెడ్డుకు ఎందుకు చెల్లదని ఐలవ్వ అనుకుంది. ఏడు స్తంభాలు వారంలోని ఏడు రోజులకు పంచింది. ఏ రోజు కావాలో ఆ రోజు స్తంభానికి తువ్వాల కట్టాలి. మీ పని అయిపోయాక మీ చేత్తోనే విప్పుకుని పోవాలి. ఇంకొకరి తువ్వాల మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. "ఒక కంబానికి ఒకటే తువ్వాల" అన్నదే ఆమె చట్టం, దానికి పై కోర్టు లేదు.

ఒకసారి ఎవరో లీడరు దగ్గర తిరిగే మనిషి కారు దిగి, ఆదివారం షెడ్డు మాదే అన్నాడు. తువ్వాల ఏదని ఐలవ్వ అడిగింది. ఆయన జేబులోంచి ఇస్త్రీ చేసిన దస్తీ తీసి కట్టబోయాడు.

"దస్తీ చెల్లదు బిడ్డా. ముక్కు తుడుసుకునేదానికి షెడ్డు ఇయ్యరు."

ఆయన రోడ్డు దాటి ఎదుటి దుకాణంలో కొత్త తువ్వాల కొనుక్కొచ్చి కట్టాడు. ఆ దుకాణంవాడు అప్పటినుంచి తువ్వాలలు గుమ్మానికే వేలాడదీసి అమ్ముతున్నాడు.

ఇక ఎనిమిదో స్తంభం. నీళ్ల నల్లా పక్కనే ఉంటుంది. దానికి వారంతో పని లేదు, అది నెలాఖరుది. బొగ్గుబాయిలో, అదే గనిలో, పనిచేసేవాళ్లు ఏ తేదీన పుట్టినా రిటైరయ్యేది మాత్రం నెల చివరి రోజునే. ఆ రోజు మనిషి ఆఖరిసారి బాయిలోంచి పైకి వస్తే తోటివాళ్లు దండలు వేసి, శాలువా కప్పి, మైసమ్మకు కొబ్బరికాయ కొట్టించి, డప్పులతో జీపులో ఊరేగించి తీసుకొస్తారు. తర్వాత దావతు. షెడ్డులో ఎర్రగుడ్డ కప్పిన రెండు కుర్చీలు వేసి భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెడతారు. ముప్ఫై ఏళ్లు మూడు షిఫ్టుల్లో తిరిగిన మనిషికి, పదిమంది ముందు పెండ్లాం పక్కన తీరిగ్గా కూర్చునే యోగం పెండ్లినాటి తర్వాత మళ్లీ ఆ రోజే. అందుకే ఆ స్తంభానికి గిరాకీ ఎక్కువ. ఎంతమంది జంటలకు ఆ కుర్చీలు వేసి, గుడ్డ సర్ది, "జర దగ్గెర కూసోండ్రి, ఫోటోల పడాలె" అని ఐలవ్వ కసిరిందో ఆమెకే తెలియదు.

ఆమె మొగుడు పోశం కూడా బొగ్గుబాయి మనిషే. ఐలవ్వది మంథని దిక్కు పల్లె. పెండ్లయి ఖనికి వచ్చేనాటికి బొగ్గంటే కుంపట్లో ఉండేదని మాత్రమే ఆమెకు తెలుసు. కొత్త కాపురంలో మొదటిసారి డ్యూటీ నుంచి తిరిగొచ్చిన పోశాన్ని గుమ్మంలో చూసి, ఎవడో నల్లటి మనిషి వచ్చాడని తలుపు గడియ పెట్టేసింది. "నేనే" అన్నాడు పోశం. అంతకు మించి వివరించడం ఆయనకు చేతకాలేదు. పక్కింటి సుసన్నా వచ్చి, "ఓ ఐలక్కా, నీ మొగడేనే! తలుపు తీయి, పాపం" అని చెబితే గాని ఆయనకు ఇంట్లోకి దారి దొరకలేదు. సుసన్నా భర్త సామ్యేల్ కూడా అదే బాయిలో పని. ఆ రోజు మొదలు ఆ ఇంట్లో మొగుడి మనసులో ఏముందో పెండ్లానికి చెప్పే పని సుసన్నాదే అయింది.

పోశం మొదట, పనికి రానివాళ్ల బదులు దిగే బదిలీ కూలీగా చేరి, తట్టా పారా పట్టి చక్రాల టబ్బుల్లో బొగ్గు నింపాడు. చేతులతో నింపే రోజులు పోయాక, టబ్బులను తాడుతో పైకి లాగే ఇంజను దగ్గర వేశారు. ఆ ఇంజను దగ్గర ఒక కట్టడి ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి మీట చేతిలోకి తీసుకుంటే గాని, ముందు షిఫ్టు మనిషి కదలకూడదు. పోశానికి ఆ కట్టడి ఒంట్లోకి ఇంకిపోయింది. "రిలీవర్ రాందే జాగ ఇడ్వద్దు" అన్నది ఆయన నోట ఎక్కువసార్లు వినబడిన మాట. పొయ్యి మీద పాలు పెట్టి ఐలవ్వ పక్కింటికి పోతే, ఆమె తిరిగొచ్చేదాకా గరిటె పట్టుకుని అక్కడే నిలబడేవాడు. పాలు పొంగి పారిపోయినా మనిషి మాత్రం కదిలేవాడు కాదు.

మొదటి షిఫ్టు పడిన రోజుల్లో డ్యూటీ అయ్యాక పార్కు ముందు బస్సు దిగుతాడు. నల్లా దగ్గర మొహం కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని ఐలవ్వ దగ్గరికి వస్తాడు. ఆమె స్టూలు పక్కన సిమెంటు బెంచీ ఉంది. దాని మీద జాగా ఉంటే కూర్చుంటాడు, లేకుంటే చెట్టుకు ఆనుకుని నిలబడతాడు. సాయంత్రాలు ఆ బెంచీ ఖాళీగా ఉండేది తక్కువ, ఎవరినీ లేవమనడం ఆయనకు రాదు. ఆమె చెబుతూ ఉంటుంది, ఆయన వింటూ ఉంటాడు. నిలబడే కునుకు తీయడం కూడా ఆయనకు అలవాటే.

పండగలంటే, ఫంక్షన్లంటే ఆయనకు గిట్టదని ఐలవ్వ నమ్మకం. "దండ ఏస్తే మెడ దురద వెడ్తది" అని ఆయనే ఎన్నోసార్లు అన్నాడు. తోటివాళ్ల రిటైర్మెంటు దావతులకు పోయినా చివరి బంతిలో తిని, కుర్చీలు మడత పెట్టి వచ్చేవాడు. అందుకే తన మొగుడు రిటైరయ్యే నెల వచ్చినా ఐలవ్వ షెడ్డు సంగతి ఎత్తలేదు. ఆ రోజు కొడుకు సంపత్‌ను బసంత్‌నగర్ నుంచి రమ్మని, ఇంట్లోనే కూర వండుకు తిందామనుకుంది. సంపత్ అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో లారీ తోలుతాడు.

ఆ నెల మొదట్లో ఒక సాయంత్రం ఐలవ్వ షెడ్డు ఊడుస్తూ ఎనిమిదో స్తంభం దగ్గరికి వచ్చింది. దానికో తువ్వాల కట్టి ఉంది. ఒకప్పుడు తెల్లనిది, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం, ఒక మూల బీడీ నిప్పు పడి చిల్లు. తన ఇంటి తువ్వాలను ఆమె చీకట్లో కూడా పోల్చగలదు. పోశం నల్లా దగ్గర మొహం కడుక్కుని, దీన్ని ఇక్కడ తగిలించి మరిచిపోయాడని అనుకుంది. అనుకోవడం ఏమిటి, నిమిషం కూడా ఆలోచించలేదు. లాగి విప్పింది. అక్కడే బండ మీద వేసి, సబ్బు పెట్టి, ఊళ్లో ఉన్న కోపమంతా దాని మీదే చూపించి ఉతికింది.

ఇంటికి వచ్చి దండెం మీద ఆరేస్తూ, "ఏమయ్యా, తువ్వాల గూడ ఎక్కడ పడితె అక్కడ ఇడ్సిపెట్టి వస్తవా? రేపు నన్ను గూడ ఏడనో మర్సిపోతవ్" అంది.

పోశం ఆ తువ్వాల వంక చూశాడు. కొంచెంసేపు చూశాడు.

"మంచిగ ఉతికినవ్" అని, అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పోశం పనిచేసే బాయి ఆఫీసులో క్లర్కు రఘుపతి పార్కుకు వచ్చాడు. ఆయన రిటైరయ్యేదీ ఆ నెలలోనే. ఎనిమిదో స్తంభం ఖాళీగా ఉండటం చూసి సంతోషపడి, అంచుకు దుకాణం చీటీ కూడా తీయని కొత్త తువ్వాల కట్టాడు. రెండు రోజులకు ఆయన భార్య శోభ వచ్చి, ఫ్లెక్సీ ఎటు కట్టాలి, పూలు ఎక్కడ వేలాడదీయాలి అని షెడ్డంతా తిరిగి చూసింది. పోతూ పోతూ, "ఐలక్కా, రెండు కుర్చీలల్ల నాది ఎటుదిక్కు?" అని సిగ్గుపడుతూ అడిగింది. కుడివైపని ఐలవ్వ చెప్పింది.

నెలాఖరు దగ్గరపడ్డ ఒక పొద్దున, వాకింగుకు వచ్చిన సుసన్నా రెండు చుట్లు తిరిగి ఐలవ్వ ముందు ఆగింది.

"ఐలక్కా, ఒక మాట అంటె కోపానికి రావు గద?"

"వస్త. అను."

"పోశన్న ఆ ఎనిమిదో కంబానికి తువ్వాల కట్టిండట. నువ్వు ఇప్పేసినవట. మా సామ్యేల్ చెప్పిండు."

ఐలవ్వ చేతిలోని చీపురు ఆగింది.

"అది మర్సిపోయిన తువ్వాల గాదానే?"

"మర్సిపోవుడు ఏందక్కా! బాయిల తనతోని దిగేటోళ్లకు చెప్పుకున్నడట, ఈపాలి మా ఐలవ్వ, నేను షెడ్డుల కూసుంటమని. నోటితోని చెప్పుటానికి సిగ్గయిందట. నా తువ్వాల నువ్వు గుర్తుపడ్తవ్, నవ్వుకుంట అడుగుతవ్ అనుకున్నడట. ఆ రాత్రే దండెం మీద చూసిండు. 'మా ఆమెకు ఇష్టం లేదు తియ్, నెలనెలా సూసేదే గదా, ఇసుగు పుట్టి ఉంటది' అన్నడట సామ్యేల్‌తోని."

ఐలవ్వ స్టూలు మీద కూర్చుంది. ఆ పొద్దున ఆమె నిజంగానే కూర్చుంది. సార్లు నిలబడి ఫోన్లు మాట్లాడుకున్నారు, ఎవరినీ ఏమీ అనలేదు. మిషను మీద ఎవరో ఇడ్లీ పొట్లం విప్పారు, చూసి కూడా ఊరుకుంది. ఒకరి తువ్వాల మీద ఇంకొకరి చెయ్యి పడకూడదని ఊరందరికీ చట్టం చెప్పిన తనే, తన మొగుడి తువ్వాలను విప్పేసింది. నోరు విప్పి అడగడం రాని మనిషి జన్మకోసారి ఒక కోరిక కోరితే, దాన్ని బండకేసి బాదింది. ఏడుపు వచ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. పోశం మీద కోపమూ వచ్చింది. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక ఎనిమిదో స్తంభం దగ్గర నిలబడింది. రఘుపతి తువ్వాల ముడి చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. ఆఫీసు మనిషి ముడి, అంత గట్టిదేమీ కాదు. ఒక్క లాగు లాగి, గాలికి ఊడిందంటే అడిగేవాడు లేడు. చెయ్యి ముడి దాకా పోయింది కూడా. చట్టం మీద గౌరవంతో వెనక్కి తీసుకుందంటే అది అబద్ధం. నాది ఎటుదిక్కు అని అడిగిన శోభ మొహం గుర్తొచ్చింది. ఆ మొహం ముందుకొచ్చాక చెయ్యి ఆడలేదు.

ఇంటికి పోయేసరికి పోశం అన్నం తింటున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందు నిలబడింది.

"నీకు నోరు లేదానయ్యా? షెడ్డు గావాలంటె గావాలని చెప్పరాదా?"

పోశం ముద్ద మింగి అన్నాడు. "కట్టిన గద."

"కడితె నాకెట్ల ఎరుక?"

"నా తువ్వాల నువ్వు గుర్తువట్టవా?"

"గుర్తువట్టినందుకే గదనయ్యా ఉతికింది! వేరేటోళ్లదైతె ముట్టుకుందునా?"

పోశం తల ఎత్తాడు. ఆ మాటలో న్యాయం ఉందని ఆయనకు తోచింది. ముందు మీసంలో నవ్వాడు, తర్వాత పళ్లు కనబడేలా నవ్వాడు, చివరికి పొలమారి నీళ్లు తాగాడు. ఐలవ్వ నవ్వలేదు. ఎన్నో ఏళ్ల కాపురంలో మొగుడు అంతసేపు నవ్వడం ఆమె చూడలేదు. అలా నవ్వే మనిషికి తను చేసిన పనికి ఆమె గుండె ఇంకా బరువెక్కింది.

"పోనీయే. దండ ఏస్తె దురద వెట్టేదే" అన్నాడాయన.

"నువ్వు ఊకో" అంది ఐలవ్వ.

ఆ పార్కు గేటు పక్కన ఒక పాత బొగ్గు టబ్బు ఉంది. ఎప్పుడో బాయిలో పనిచేసి అరిగిపోయిన ఇనుప తొట్టి. చక్రాలతో సహా తెచ్చి, పసుపు రంగు వేసి, చూడటానికి పెట్టారు. చూసేవాళ్లు ఎవరూ లేరు. పిల్లలు దాంట్లో దాక్కుంటారు, పెద్దలు పల్లీల పొట్టు పోస్తారు. ఎవరూ ఎన్నడూ దానికి తువ్వాల కట్టలేదు. కట్టకూడదని కూడా ఎవరూ అనలేదు. దానికి కిరాయి ఎంతో ఆఫీసువాళ్లూ చెప్పలేరు.

నెల చివరి రోజు పొద్దున ఐలవ్వ ఆ టబ్బులోకి దిగింది. పొట్టు ఎత్తిపోసి, సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగింది. సుసన్నా తోడు వచ్చింది, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. మధ్యాహ్నానికి సంపత్ లారీలో బగారన్నం డేక్సాలు, కూర డేక్సాలు తెచ్చాడు. వాటిని పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేదు, షెడ్డు అంతా రఘుపతిది. అందుకని డేక్సాలు టబ్బులోకి దించారు. సరిగ్గా పట్టాయి. ఎర్రగుడ్డ కుర్చీలూ రఘుపతివే కాబట్టి, ఐలవ్వ ఇంటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ఆనించి వేసింది. వాటి మీద తన పెండ్లి చీర, ఒక్కటే చీర, రెండింటికీ కలిపి పరిచింది. ఆఖరున బీడీ చిల్లు తువ్వాలను తీసి టబ్బు కొక్కేనికి ముడివేసింది. ఊడ్చి, ఉతికి గట్టిపడ్డ చేతుల ముడి అది, ఏనుగు లాగినా ఊడదు.

డప్పుల చప్పుడు ముందు వినబడింది. బాయి నుంచి జీపు వచ్చింది. దాంట్లో మెడ నిండా దండలతో రఘుపతి నిలబడి దండాలు పెడుతున్నాడు, పక్కన శోభ. వెనక మూలన పోశం. ఆయనకూ దండలు వేశారు, తీసి చేతిలో పట్టుకున్నాడు. సామ్యేల్ ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, దారిలో ఇంటి దగ్గర దిగిపోకుండా.

గేటు దగ్గర జీపు ఆగగానే పోశం ముందు దిగాడు. రఘుపతి దావతుకు కుర్చీలు వేయాలి కదా అని షెడ్డు వైపు నడవబోయాడు. టబ్బు దగ్గర ఆగాడు. తువ్వాలను చూశాడు. కుర్చీలను చూశాడు, చీరను కూడా చూశాడు.

"ఇదెవలది?" అన్నాడు.

"నీ తువ్వాల నువ్వు గుర్తువట్టవా?" అంది ఐలవ్వ.

పోశం చేతిలోని దండలు తనే మెడలో వేసుకుని, ఎడమవైపు కుర్చీలో కూర్చున్నాడు. ఐలవ్వ చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని కుడివైపు కూర్చుంది.

రఘుపతి మంచివాడే. జీపు దిగి వచ్చి నొచ్చుకున్నాడు. "ఐలక్కా, నాకు తెల్వకపాయె. రాండ్రి, షెడ్డుల నలుగురం కూసుందం. పెద్ద షెడ్డే గద."

"వద్దు తమ్మీ. ఒక కంబానికి ఒకటే తువ్వాల" అంది ఐలవ్వ. పెళ్లికూతురిలా కూర్చున్నా గొంతు మాత్రం పార్కు గొంతే.

అయితే ఆ షెడ్డు పార్కు మధ్యలో ఉంది, టబ్బు గేటు పక్కన ఉంది. రఘుపతి చుట్టాలు, ఆఫీసు వాళ్లు, యూనియన్ వాళ్లు ఎవరొచ్చినా టబ్బును దాటుకునే షెడ్డుకు పోవాలి. దండలు వేసుకుని జంటగా కూర్చున్న మనుషులను చూసి ఊరికే పోవడం ఎవరికీ మర్యాద అనిపించలేదు. రఘుపతికి తెచ్చిన శాలువాల్లో సగం దారిలోనే పోశం భుజాల మీదికి ఎక్కాయి. వాకింగు సార్లు వచ్చారు, ఇన్నాళ్లూ తిట్లు తిన్న బజ్జీ మనుషులు వచ్చారు. ఎదుటి దుకాణంవాడు ఒక కొత్త తువ్వాల తెచ్చి కప్పాడు. చీకటి పడే వేళ ఉయ్యాలెక్కే ఆడవాళ్లు ఐలవ్వకు బొట్టు పెట్టి, గాజులు తొడిగి, ఆమె చెవిలో ఏదో చెప్పి పకపకా నవ్వారు. ఐలవ్వ తల వంచుకుంది. ఆమె తల వంచుకోవడం ఆ పార్కు చూడటం అదే మొదలు.

ఫోటోలు తీసేవాడు "అవ్వా, జర దగ్గెర కూసో" అని కసిరాడు. ఆమె జరిగింది.

డప్పులవాళ్లు ఆపి, పోశన్న రెండు మాటలు మాట్లాడాలన్నారు. సామ్యేల్ చప్పట్లు కొట్టాడు. పోశం లేచి నిలబడ్డాడు. "నేనే" అని ఆగిపోతాడేమోనని సుసన్నాకు భయం వేసింది. పోశం తిరిగి టబ్బులోకి చూశాడు, పొగలు కక్కుతున్న డేక్సాల వంక.

"జిందగంత గీ టబ్బులు నింపిన" అన్నాడు. "ఖాళీ చేసుడు ఎన్నడు జూడలె. ఇయ్యాల సూడాలె. అందరు తినుండ్రి, ఒక్క మెతుకు మిగలద్దు."

అంతే ఆయన ఉపన్యాసం. షెడ్డులో యూనియన్ నాయకుడి ఉపన్యాసం నడుస్తుండగానే అక్కడి కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయి టబ్బు చుట్టూ చేరాయి. చివరికి రఘుపతి, శోభ కూడా వాళ్ల మిఠాయిలు పట్టుకుని వచ్చి ఇక్కడే తిన్నారు. పొద్దు పోయేసరికి టబ్బు అడుగు కనబడింది. పోశం వంగి చూసి, తృప్తిగా తల ఊపి, అలవాటు కొద్దీ కుర్చీలు మడత పెట్టబోయాడు. ఐలవ్వ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే ఐలవ్వ గేటు తాళం తీయడానికి బయల్దేరింది. పోశం డ్యూటీ లేకున్నా లేచి వెనకే నడిచాడు. ముందు టబ్బు దగ్గర ఆగి, ఆ ముడితో చాలాసేపు కుస్తీ పట్టి, తన తువ్వాల తన చేత్తోనే విప్పుకున్నాడు. ఆమె గేటు తెరిచి, ఊడ్చి, చెట్టు కిందికి వచ్చేసరికి సిమెంటు బెంచీ చివర, తన స్టూలు పక్కన, ఆ తువ్వాల కట్టి ఉంది. దాని పక్కన పోశం కూర్చుని ఉన్నాడు.

"ఇదేందయ్యా?"

"నా జాగ."

"ఎన్ని దినాలకు?"

పోశం ఆలోచించాడు. "రిలీవర్ రాందే ఇడ్వ" అన్నాడు.

ఐలవ్వ కసురుదామని నోరు తెరిచి, మూసి, మొక్కలకు నీళ్లు పెట్టడానికి అవతలి మూలకు పోయింది. కళ్లు తుడుచుకోవడానికి అక్కడైతే ఎవరూ ఉండరు.

ఇప్పుడు సాయంత్రం పార్కు ఎంత కిక్కిరిసినా ఆ బెంచీ చివర ఎవరూ కూర్చోరు. తువ్వాల మాసిపోతే ఐలవ్వే ఉతుకుతుంది. కాకపోతే ఇంటి నుంచి ఇంకొకటి తెచ్చి ముందు దాన్ని కట్టి, ఆ తర్వాతే పాతది విప్పుతుంది.